కొత్త ఇంట్రానెట్ కొనే ముందు: మా సంస్థ యాజమాన్యానికి ఒక ఉద్యోగి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి, డైరెక్టర్లకు, విభాగాధిపతులందరికీ నమస్కారం.

ఇప్పుడున్న ఇంట్రానెట్‌ను, అంటే ఉద్యోగులకు మాత్రమే తెరుచుకునే సంస్థ లోపలి వెబ్‌సైట్‌ను, పక్కన పెట్టి కొత్త సాఫ్ట్‌వేర్ కొనే ప్రతిపాదన రాబోయే సమావేశంలో మీ ముందుకు వస్తోందని తెలిసి ఈ లేఖ రాస్తున్నాను. నేను ఉద్యోగుల సహాయ విభాగంలో పనిచేస్తున్నాను. ఇంట్రానెట్‌లో దొరకనిదల్లా చివరికి మా ఫోనుకే వస్తుంది. అందువల్ల అందులో ఏది పనికొస్తోందో, ఏది మనుషులను తిప్పలు పెడుతోందో రోజూ దగ్గర నుంచి చూసేవాళ్లలో నేనూ ఒకరిని. సహోద్యోగులు కూడా చదివి తమ మాట చెబుతారన్న ఆశతోనే దీన్ని బహిరంగంగా రాస్తున్నాను.

ఆ ప్రతిపాదనను తోసిపుచ్చమని నేను కోరడం లేదు. ఇప్పుడున్నది పాతబడిన మాట నిజం. అయితే దాని జబ్బు సాఫ్ట్‌వేర్‌లో లేదు. అందులోని పేజీల్లో చాలావాటికి నా అన్నవాళ్లు లేరు. ఎవరు రాశారో తెలియదు, ఎవరు సరిచూడాలో తెలియదు, ఎప్పుడు తీసేయాలో అసలే తెలియదు. ఈ లోపాన్ని అలాగే ఉంచి ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా, కొన్నేళ్లు తిరిగేసరికి మళ్లీ ఇదే ప్రతిపాదన మీ బల్ల మీదకు వస్తుంది. ప్రతి పేజీకి ఒక బాధ్యుడు కావాలి. ఆ బాధ్యుడికి ఆ పని చేసే సమయం కావాలి. వాళ్లందరి మీదా ఒక సంపాదకుడు ఉండాలి. ఈ ఏర్పాటు ముందు చేసి ఆ తర్వాత మీరు ఏది కొన్నా సంతోషమే. ఇది లేకుండా కొంటే మాత్రం ఆ డబ్బు దండగ అవుతుందని నా గట్టి నమ్మకం.

ఇంట్రానెట్ గురించి ఉద్యోగులు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి సర్వేలు అక్కరలేదు. సెర్చ్ పెట్టెలో టైపు చేసిన ప్రతి మాటా సర్వర్‌లో నమోదవుతుంది. టైపు చేసిన వాళ్ల పేర్లు మన నివేదికలో ఉండవు, ఉండకూడదు కూడా. మాటలు మాత్రం ఉంటాయి. ఐటీ విభాగాన్ని అడిగి ఒక నెల జాబితా తెప్పించుకుని చదవమని మీలో ప్రతి ఒక్కరినీ కోరుతున్నాను. ‘సెలవు’, ‘జీతం స్లిప్పు’, ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’, ‘ఐడీ కార్డు పోయింది’, ‘బిల్లులు ఎవరికి ఇవ్వాలి’: ఇలా ఉంటాయి అందులోని మాటలు. మరి మన పేజీల శీర్షికలు ఎలా ఉన్నాయి? సెలవుల నిబంధనలున్న పేజీ పేరు ‘గైర్హాజరు నిర్వహణ విధానం’. సెలవు అనే మాట ఆ శీర్షికలో లేదు, మొదటి పేరాలోనూ లేదు. ఒకరు వరుసగా వెతికిన మాటలు ఆ జాబితాలో చూశాను. ముందు ‘ప్రసూతి సెలవు’ అని కొట్టారు. ఫలితాలేవీ రాలేదు. ‘ప్రసూతి’ అని కొట్టారు. రాలేదు. తర్వాత ‘గర్భిణి’, ఆ తర్వాత ‘సెలవు ఫారం’. నాలుగోసారి ఒక ఫారం వచ్చింది, అది ఎప్పుడో రద్దయిన ఫారం. వెతుకులాట అక్కడితో ఆగిపోయింది. కావలసిన సమాచారం మన దగ్గర లేక కాదు. అది పేజీలో ఉంది, రాసినవాళ్ల భాషలో ఉంది, వెతికేవాళ్ల భాషలో లేదు.

అలా విసిగిపోయినవాళ్లు మాకు ఫోను చేస్తారు కదా, జవాబు దొరుకుతుంది కదా అని మీరు అనవచ్చు. ఫోను చేయగలిగినవాళ్లకు దొరుకుతుంది. కానీ కొన్ని ప్రశ్నలు ఫోనులో అడిగేవి కావు. జీతం మీద ముందస్తు మొత్తం తీసుకోవచ్చా, మానసిక ఆరోగ్యం కోసం సెలవు పెడితే ఎవరెవరికి తెలుస్తుంది, రాజీనామా చేస్తే ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, పై అధికారి మీద ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి: పక్క సీట్లో మనిషి వింటుండగా వీటిని గొంతు పెంచి అడిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఎవరికీ చెప్పకుండా, ఎవరి మొహమూ చూడకుండా ఈ సంగతులు తెలుసుకోగలిగే చోటు సంస్థలో ఇంట్రానెట్ ఒక్కటే. వేధింపుల ఫిర్యాదుల కమిటీ పేజీ ఒకసారి తెరిచి చూడండి. సభ్యులుగా ఉన్న పేర్లలో సంస్థ వదిలి వెళ్లినవారివి ఉన్నాయి. ఇచ్చిన ఈమెయిల్ చిరునామాల్లో ఒకటి పనిచేయదు. ఎంతో ధైర్యం కూడగట్టుకుని రాసిన ఉత్తరం తిరిగివస్తే, ఆ మనిషి రెండోసారి రాస్తుందా? ఇంట్రానెట్ నిర్వహణను చిన్న విషయంగా, ఐటీ వాళ్లు తీరిక ఉన్నప్పుడు చూసుకునే పనిగా అనుకునేవారికి ఈ ఒక్క పేజీ చూపించాలని నాకు అనిపిస్తుంది.

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు, కొత్తదీ కాదు. అసలు వెబ్ పుట్టిందే ఇటువంటి ఇబ్బందిలోంచి. 1989 మార్చిలో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ తన పై అధికారులకు ఒక ప్రతిపాదన ఇచ్చారు. వేలమంది పనిచేసే ఆ కేంద్రంలో మనుషులు మామూలుగా రెండేళ్లు ఉండి వెళ్లిపోతుంటారని, వాళ్లతోపాటు వాళ్లకు తెలిసినదీ పోతోందని, కొత్తగా వచ్చినవాళ్లు ఏది ఎవరిని అడగాలో తెలుసుకోవడానికే నానా తంటాలు పడుతున్నారని అందులో రాశారు. ఆయన పై అధికారి మైక్ సెండాల్ ఆ కాగితం మీద, అస్పష్టంగా ఉన్నా ఆసక్తి రేపుతోందని అర్థం వచ్చేలా ఒక చిన్న మాట రాసి, పని సాగనిచ్చారు. ఆ ప్రతిపాదనలోంచి పుట్టిన వెబ్‌ను సెర్న్ ఉద్యోగులు తొలి రోజుల్లో ఎక్కువగా వాడింది ఫోను డైరెక్టరీ చూసుకోవడానికే. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నది ఒక సంస్థ తన లోపలి అవసరం కోసం మొదలుపెట్టినదే.

ఆ ఫోను డైరెక్టరీ దగ్గరే మన పని కూడా మొదలు కావాలి. మన డైరెక్టరీలో పేరు కొడితే హోదా, విభాగం, ఎక్స్‌టెన్షన్ నంబరు వస్తాయి. ఆయన ఏ పని చూస్తారో మాత్రం రాదు. పేరు తెలిసినవాళ్లకు డైరెక్టరీతో అవసరమే తక్కువ. సరఫరాదారుల బిల్లులు ఎవరు చూస్తారు, యంత్రాల మరమ్మతు ఒప్పందాలు ఎవరి దగ్గర ఉంటాయి, కొత్త ఉద్యోగికి సీటు ఎవరు కేటాయిస్తారు అని వెతికేవాళ్లే ఎక్కువ. ఇక బదిలీ అయినవాళ్లు నెలల తరబడి పాత విభాగంలోనే కనిపిస్తుంటారు. జీతాల రికార్డులో తప్పు దొర్లితే ఆ నెలలోనే దిద్దుతాం, ఎందుకంటే దానికి అడిగేవాళ్లున్నారు, జవాబు చెప్పేవాళ్లున్నారు. డైరెక్టరీ తన వివరాలను ఆ రికార్డు నుంచే తీసుకునేలా చేస్తే బదిలీ ఉత్తర్వు అమలైన రోజే ఇక్కడా మారుతుంది. ఎవరూ మళ్లీ టైపు చేయనక్కరలేదు. చేసే పని ఏమిటో రాయడానికి ఉద్యోగికి రెండు వాక్యాల చోటు ఇస్తే చాలు. ఇది ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్‌తోనే చేయవచ్చని ఐటీ మిత్రులు చెబుతున్నారు.

బయట గూగుల్‌లో ఏదైనా క్షణంలో దొరుకుతుంటే మన దగ్గర ఎందుకు దొరకదని మీలో చాలామంది అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను మొదలుపెట్టినప్పుడు దాని బలం లింకులు. ఒక పేజీకి ఎంతమంది లింకు ఇచ్చారు, ఇచ్చినవాళ్లకు ఎంత విలువ ఉంది అన్నదాన్ని బట్టి ఫలితాల వరుస తేలేది. బయటి వెబ్‌లో కోట్లమంది ఒకరికొకరు లింకులు ఇచ్చుకుంటారు. పైగా అక్కడ ప్రతివాడూ తన పేజీ దొరకాలని తపిస్తాడు, దానికోసం శీర్షిక దిద్దుతాడు, మాటలు మారుస్తాడు. లోపల ఆ తపన ఉండదు. సెలవు నిబంధనల పేజీ ఎవరికీ కనిపించకపోయినా రాసినవారికి వచ్చే నష్టం ఏమీ లేదు. ఇంకో తేడా కూడా ఉంది. బయట ఒక ప్రశ్నకు సరిపోయే పేజీలు పది ఉంటాయి, వాటిలో ఏది దొరికినా పని జరుగుతుంది. లోపల సరైన పేజీ ఒక్కటే ఉంటుంది, మిగతావన్నీ పాతవో తప్పువో. 2002లో గూగుల్ సంస్థల అంతర్గత సెర్చ్ కోసం ఒక ప్రత్యేక యంత్రాన్ని అమ్మకానికి పెట్టి, చాలా ఏళ్ల తర్వాత దాన్ని నిలిపివేసింది. వెతికే యంత్రం ఎంత గొప్పదైనా, దానికి అందించే సరుకు శుభ్రంగా లేకపోతే ఫలితం శుభ్రంగా రాదు.

కాబట్టి సెర్చ్ బాగుపడాలంటే మనుషులు కూర్చుని చేయాల్సిన పనులున్నాయి. ఎక్కువగా వెతికే వంద మాటలు తీసుకుని, ఒక్కోదానికి మొదట ఏ పేజీ రావాలో చేత్తో నిర్ణయించాలి. ఆ సదుపాయం దాదాపు అన్ని ఇంట్రానెట్ సాఫ్ట్‌వేర్లలోనూ ఉంటుంది, మన దాంట్లోనూ ఉంది, ఇంతవరకూ వాడలేదు. శీర్షికలను ఉద్యోగులు వాడే మాటల్లోకి మార్చాలి. స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్‌లు కంప్యూటర్ దృష్టిలో ఫొటోలు మాత్రమే. అందులోని అక్షరాలను గుర్తించే ప్రక్రియ జరపనిదే ఏ సెర్చీ వాటిని చదవలేదు. సంతకం, ముద్ర కనిపించాలన్న కారణంతో ప్రతి సర్క్యులర్‌నూ ప్రింటు తీసి, స్కాన్ చేసి పెట్టే అలవాటు మనకు ఉంది. ఆ స్కాన్ ప్రతిని రికార్డుకు ఉంచండి. చదవడానికి మాత్రం మామూలు పేజీ పెట్టించండి.

ఇక అసలు విషయం, అంటే బాధ్యత. ప్రయాణ ఖర్చుల నిబంధనలు మన ఇంట్రానెట్‌లో మూడు ఫైళ్లుగా ఉన్నాయి. ఒకదాని పేరు చివర ‘ఫైనల్’ అని, రెండోదానికి ‘ఫైనల్ సవరించినది’ అని, మూడోదానికి ‘ఫైనల్ కొత్తది’ అని ఉంది. లోపల ఎక్కడా తేదీ లేదు. భోజనం, బస ఖర్చుల పరిమితులు మూడింటిలో మూడు రకాలు. ఈమధ్యనే చేరిన ఒక యువకుడు రెండో ఫైలు చదివి, దాని ప్రకారం సొంత డబ్బు పెట్టి ఊరు వెళ్లి వచ్చాడు. చాలా రోజుల తర్వాత అకౌంట్స్ నుంచి బిల్లు తిరిగివచ్చింది. ‘మూడింట్లో ఏది సరైనదో నాకెలా తెలుస్తుంది?’ అని మమ్మల్ని అడిగాడు. అతనికి చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు. ఎందుకు లేదో మీకు వివరంగా చెప్పాలి. ఏది సరైనదో అకౌంట్స్ విభాగానికి తెలుసు, కానీ పాత ఫైళ్లు తీసేసే అధికారం వాళ్లకు లేదు. తీసేసే అధికారం ఐటీ విభాగానికి ఉంది, కానీ ఏది పాతదో వాళ్లకు తెలియదు. మాకు ఈ రెండు ఇబ్బందులూ తెలుసు, సరిదిద్దే అధికారం మాత్రం లేదు. మూడు విభాగాలూ తమ పని తాము సక్రమంగానే చేస్తున్నాయి. నష్టపోయింది మాత్రం కొత్తగా చేరిన కుర్రవాడు.

ప్రతి పేజీ అడుగున, దాని బాధ్యుడి పేరు, చివరిసారి సరిచూసిన తేదీ, మళ్లీ సరిచూడాల్సిన తేదీ ఉండాలని నేను కోరేది ఇందుకే. బాధ్యుడంటే ఫైలు ఎక్కించిన గుమాస్తా కాదు, ఆ నిబంధన మారితే ముందుగా తెలిసే అధికారి. అన్ని పేజీలకూ ఒకే గడువు పెట్టనక్కరలేదు. అత్యవసర ఫోను నంబర్లు, కమిటీ సభ్యుల పేర్లు మూడు నెలలకోసారి చూడాలి. సెలవులు, జీతభత్యాల పేజీలు ఏడాదికోసారి, నిబంధన మారితే ఆ రోజే చూడాలి. సంస్థ చరిత్ర లాంటివాటిని మాటిమాటికీ ముట్టుకోనక్కరలేదు. గడువు దాటితే ముందు బాధ్యుడికి, తర్వాత ఆయన పై అధికారికి గుర్తుచేసే సందేశం వెళ్లాలి. అప్పటికీ కదలిక లేకపోతే పేజీ తనంతట తానే సెర్చ్ నుంచి తప్పుకుని పాత రికార్డుల్లోకి పోవాలి. పూర్తిగా చెరిపేయమని అనడం లేదు. గతంలో ఏ నిబంధన ఎప్పుడు అమల్లో ఉందో ఆడిట్‌కూ, న్యాయ వివాదాలకూ అవసరమవుతుంది. కానీ రికార్డు గదిలో ఉండాల్సింది నోటీసు బోర్డు మీద ఉండకూడదు. ఉద్యోగి బదిలీ అయినప్పుడు తాళాలు, ల్యాప్‌టాప్ అప్పగించిన కాగితంలోనే, తన పేరున ఉన్న పేజీలు ఎవరికి అప్పగించాడో రాసే గడి కూడా పెట్టించండి. ఆ ఒక్క గడితో సగం అనాథ పేజీలు పుట్టకుండా ఆగుతాయి.

విభాగాలకు ఇప్పటికే తలకు మించిన పని ఉంది, పేజీలు చూసుకునే తీరిక ఎక్కడిది అన్న మాట సమావేశంలో తప్పక వస్తుంది. ఆ మాటలో నిజం ఉంది. అందుకే దీన్ని ఉద్యోగ బాధ్యతల పత్రంలో చేర్చమని, వార్షిక మదింపులో లెక్కించమని కోరుతున్నాను. ఉచిత సేవగా చేయించుకునే పని ఎప్పుడూ చివరికే మిగిలిపోతుంది. అయితే విభాగాలు ఈ సమయాన్ని ఇప్పుడు కూడా ఖర్చు చేస్తూనే ఉన్నాయి. ఒకే ప్రశ్నకు రోజూ ఫోనులో, ఈమెయిల్‌లో, కారిడార్‌లో విడివిడిగా జవాబు చెబుతున్నారు. ఆ జవాబునే ఒకసారి సరిగా రాసి పెడితే రేపటి నుంచి వాళ్ల ఫోను మోగడం తగ్గుతుంది. హెచ్‌ఆర్‌లోని ఒక సహోద్యోగి తన పేజీని పట్టుదలగా తాజాగా ఉంచుతారు. ఆ విషయం మీద మాకు ఫోన్లు రావడం దాదాపు ఆగిపోయింది.

బాధ్యులు ఉంటే చాలదు, ఒక సంపాదకుడు కావాలి. ఆ మనిషికి అన్నిటికంటే ముఖ్యంగా వద్దు అనగలిగే అధికారం ఉండాలి. పది పేజీల సర్క్యులర్‌ను యథాతథంగా పెట్టమని ఒక విభాగాధిపతి పట్టుబడితే, ‘ఉద్యోగి చేయాల్సింది ఏమిటో మొదటి మూడు వాక్యాల్లో రాసివ్వండి, అప్పుడే పెడతాను’ అనగలగాలి. అలా అన్నందుకు ఆ ఉద్యోగానికి ముప్పు రాకుండా మీరు వెనక నిలబడాలి. ఇంట్రానెట్ ఎవరిది అన్న తగవు హెచ్‌ఆర్, ఐటీ, ప్రచార విభాగాల మధ్య ఎన్నాళ్లుగానో నలుగుతోంది. సర్వర్, భద్రత ఐటీ చూసుకోవాలి. ఏ మాట ఏ పేజీలో ఉండాలన్నది సంపాదకుడు తేల్చాలి. ఆ సంపాదకుడు నేరుగా మీలో ఒకరికి జవాబుదారీ కావాలి.

నిబంధనలు వేరు, పని నేర్పు వేరు. ఏ యంత్రం ఎప్పుడు మొండికేస్తుంది, ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ తప్పుకు ఏం చేయాలి అన్నవి చేసేవాళ్లకే తెలుస్తాయి. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ మొదటి వికీని ప్రారంభించినప్పటి నుంచి, చదివేవారే దిద్దగల పేజీలు ఇలాంటి జ్ఞానానికి చక్కని చోటు అని రుజువైంది. ఆ భాగాన్ని ఉద్యోగులకు తెరిచి ఉంచండి. సెలవు నిబంధనలను ఎవరు పడితే వారు మార్చకూడదు, నిజమే. అక్కడ ‘ఈ పేజీలో తప్పుంది’ అని బాధ్యుడికి చెప్పే బటన్ ఉంటే చాలు. ఆ సందేశానికి వారం లోపు జవాబు వస్తుందన్న నమ్మకం కలిగితే తప్పులను ఉద్యోగులే పట్టిస్తారు.

మొదటి పేజీ గురించి ఎక్కువ చెప్పను. ప్రారంభోత్సవాల ఫొటోలు, పురస్కారాల వార్తలు ఉండటం మంచిదే, వాటిలో మన తోటివాళ్ల కష్టం ఉంది. అవి ఫోను తెర మొత్తాన్ని ఆక్రమించి, జీతం స్లిప్పు లింకు నాలుగుసార్లు కిందికి జరిపితే కాని కనిపించకపోవడమే బాధ. రోజూ వాడే లింకులు పైన, వార్తలు కింద ఉంచండి. కొత్త ఇంట్రానెట్‌కు పేరు పెట్టే పోటీ మీద కూడా సమయం వెచ్చించవద్దని మనవి.

బల్ల, కుర్చీ, కంప్యూటర్ లేని సహోద్యోగుల గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. ఉత్పత్తి విభాగంలో, గిడ్డంగిలో, వాహనాల మీద, రాత్రి షిఫ్టులో పనిచేసేవారికి ఇంట్రానెట్ అంటే విరామ గదిలోని ఒక ఉమ్మడి కంప్యూటర్. అక్కడ ఒకరు లాగౌట్ కాకుండా లేచిపోతే తర్వాతి మనిషికి ముందువారి జీతం వివరాలు కనిపిస్తాయి. సొంత ఫోనులో చూద్దామంటే వీపీఎన్, అంటే బయటి నుంచి సంస్థ నెట్‌వర్క్‌లోకి భద్రంగా చేర్చే సాఫ్ట్‌వేర్, అడుగుతుంది, అది పెట్టుకోవడానికి సంస్థ ఇచ్చిన ఫోను కావాలంటుంది. భోజన విరామంలో పది నిమిషాలు లాగిన్‌తోనే గడిచిపోతే ఆ మనిషి మళ్లీ ప్రయత్నించడు, మేస్త్రీనో సూపర్‌వైజర్‌నో అడుగుతాడు. వాళ్లు తమకు గుర్తున్నది చెబుతారు. షిఫ్టుల పట్టిక, సెలవు దరఖాస్తు, భద్రతా సూచనలు, జీతం స్లిప్పు: కనీసం ఈ నాలుగూ మామూలు ఫోనులో, రెండంచెల ధ్రువీకరణతో (పాస్‌వర్డ్‌తోపాటు ఓటీపీ లాంటి రెండో రుజువుతో), వీపీఎన్ లేకుండా తెరుచుకోవాలి. అక్షరాల రంగుకూ వెనక రంగుకూ మధ్య వ్యత్యాసం మామూలు పరిమాణం అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో నిలబడి ఫోను చూసేవారికి కనిపించవు, చూపు మందగించినవారికి నీడలోనూ కనిపించవు. వాళ్లు చదివే భాషలో పేజీ ఉందా లేదా అన్నది కూడా ఇక్కడే చూసుకోవాలి. భద్రతా సూచన అర్థం కాకపోతే జరిగేది ప్రమాదం.

కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారే రోజు వచ్చినప్పుడు ఉన్నదంతా మూటగట్టి మోసుకుపోవద్దు. బాధ్యుడు దొరికిన పేజీలే కొత్త చోటికి వెళ్లాలి. మన భద్రతా శిక్షణ పాఠాల్లో కొన్ని, వెబ్ పేజీల్లో బొమ్మలు కదిలించే పాత సాఫ్ట్‌వేర్ ఫ్లాష్‌లో చేసినవి. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు అడోబీ మద్దతు ముగిసింది. ఆ లింకులు ఇప్పటికీ ఉన్నాయి, నొక్కితే ఖాళీ పెట్టె తెరుచుకుంటుంది. శిక్షణ పూర్తయినట్లు టిక్కు పెట్టే గడి మాత్రం దాని కింద చక్కగా పనిచేస్తోంది. అలాంటివి కొత్త ఇంట్లోకి రాకూడదు. వెళ్లే పేజీల పాత చిరునామాలను మాత్రం కాపాడాలి. ఉద్యోగులు దాచుకున్న లింకులు, పాత ఈమెయిళ్లలోని లింకులు, గోడలకు అంటించిన క్యూఆర్ కోడ్‌లు ఒక్క రాత్రిలో చచ్చిపోకుండా, 301 అనే శాశ్వత మళ్లింపు సంకేతంతో కొత్త పేజీకి చేర్చవచ్చు. ఇది ఒప్పందంలో రాయించాల్సిన షరతు. తర్వాత అడిగితే అదనపు పని అంటారు.

కృత్రిమ మేధ సహాయకుడిని పెడితే ఈ బాధలన్నీ తీరుతాయని అమ్మకందారులు చెబుతున్నట్లు విన్నాను. ఉద్యోగి ప్రశ్న అడిగితే అదే పేజీలన్నీ చదివి జవాబు చెబుతుందట. ప్రయాణ ఖర్చుల ఫైళ్లు మూడున్న చోట అది ఏ ఫైలు చదివి జవాబు చెబుతుంది? మనిషికి మూడు ఫైళ్లు కనిపిస్తే కనీసం అనుమానం వస్తుంది. యంత్రం ఒకదాన్ని ఎంచుకుని, అనుమానం జాడ లేకుండా చక్కటి వాక్యాల్లో చెప్పేస్తుంది. కెనడాలో ఎయిర్ కెనడా విమాన సంస్థ వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. సరైన నిబంధన అదే వెబ్‌సైట్‌లో వేరే పేజీలో ఉంది. 2024 ఫిబ్రవరిలో అక్కడి బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ట్రైబ్యునల్ ఆ తప్పుకు సంస్థదే బాధ్యత అని తేల్చి, పరిహారం చెల్లించమంది. ఇంకొక ప్రమాదం లోపలిది. ఎవరు చూడవచ్చో సరిగా నిర్ణయించకుండా వదిలేసిన ఫైళ్లు మన సర్వర్‌లో ఎన్నో ఉన్నాయి. ఇన్నాళ్లూ అవి ఎవరికీ దొరకలేదు కాబట్టి గుట్టుగా ఉన్నాయి. మంచి సహాయకుడు వచ్చిన మొదటి వారంలోనే ఒకరి మదింపు నివేదిక మరొకరి తెర మీద తేలుతుంది. అనుమతులు సరిచేసి, పాతవి తొలగించిన తర్వాత ఆ సహాయకుడిని తెచ్చుకుందాం. అప్పుడు అది నిజంగానే మేలు చేస్తుంది.

మార్పు ఫలించిందా లేదా అన్నది పేజీలను ఎంతమంది చూశారన్న లెక్కతో తేల్చవద్దు. దారి తెలియక పది పేజీలు తిరిగినవాడు కూడా ఆ లెక్కలో పది సందర్శనలే. దానికి బదులు వేర్వేరు విభాగాల నుంచి అయిదుగురిని కూర్చోబెట్టి, సెలవు పెట్టడం, బిల్లు ఇవ్వడం, ఒక పని చూసే మనిషిని వెతకడం లాంటివి వాళ్ల ముందుంచి, మాట్లాడకుండా పక్కన కూర్చుని చూడండి. అయిదుగురితో చేసే ఇటువంటి చిన్న పరీక్షలోనే చాలా లోపాలు బయటపడతాయని వెబ్‌సైట్ల వాడుక తీరుపై నిపుణుడైన జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. మూడు నెలలకోసారి చేస్తే ఖర్చు లేదు, ఆలస్యం లేదు. డైరెక్టర్లలో ఎవరైనా ఒకరు ప్రతిసారీ స్వయంగా వచ్చి కూర్చుంటే ఇంకా మంచిది.

మీ నుంచి నేను కోరుతున్న నిర్ణయాలు పెద్దవి కావు. కొనుగోలు ఒప్పందాన్ని మూడు నెలలు వాయిదా వేయండి. ఈలోగా సంపాదకుడిని నియమించండి, బయటి నుంచి తేనక్కరలేదు, మన దగ్గరే తగినవాళ్లున్నారు. ప్రతి విభాగాధిపతీ తమ పేజీల జాబితా, ఎదురుగా బాధ్యుల పేర్లు రాసి ఇవ్వడానికి ఒక తేదీ నిర్ణయించండి, ఆ జాబితాను ఉద్యోగులందరికీ కనిపించేలా పెట్టండి. పేరు రాయని పేజీలను ఆ తేదీ తర్వాత రికార్డుల్లోకి పంపించండి. మిగిలినవి ఎన్నో చూశాక, ఎంత సాఫ్ట్‌వేర్ అవసరమో, దానికి ఎంత ఖర్చు పెట్టాలో మీకే స్పష్టంగా తెలుస్తుంది. ఈ పనిలో మా సహాయ విభాగం మీకు పూర్తిగా తోడుంటుంది. ఏ పేజీ కోసం ఎన్ని ఫోన్లు వస్తున్నాయో మా రిజిస్టర్లు చూసి జాబితా తయారుచేసి ఇస్తాం. ఫిర్యాదుల కమిటీ పేజీ విషయంలో మాత్రం మూడు నెలలు ఆగవద్దు, సమావేశం దాకా కూడా ఆగవద్దు. సరైన పేర్లు, పనిచేసే చిరునామాలు ఈ వారంలోనే పెట్టించండి.

ఇట్లు,
ఉద్యోగుల సహాయ విభాగంలో పనిచేస్తున్న మీ సహోద్యోగి